బొంతలో నీలం ముక్క

బొంతను చన్నీళ్ళలో నానబెట్టాలి, అరగంట, అంతకు మించి వద్దు. మెలితిప్పి పిండకూడదు. మేడమీద ట్యాంకు నీడలో ఆరెయ్యాలి. ఎనిమిదో తరగతి సైన్సు పేపర్లు దిద్దాలి. పాప బూట్లకి లేసులు కొనాలి. వంటింటి కుళాయి కారుతోందని ఎవరికైనా చెప్పాలి. పెట్టె తెరవాలి.

పొద్దున్న క్యాలెండరు చీటీ వెనక రాసుకున్న ఈ ఏడింటిలో మొదటి నాలుగూ కొట్టేసి ఉన్నాయి. ఆ చీటీని అరచేతిలో ఉండచుట్టి, విప్పి, మళ్ళీ ఉండచుట్టి, మధ్యాహ్నం మూడు గంటలకి టీచరమ్మ మేడమీద బోర్లించిన బకెట్టు మీద కూర్చుని ఉంది. ఎదురుగా రెండు తీగల మీద పరిచిన బొంత. దాని అంచు నుంచి గచ్చు మీదికి చుక్కలు పడుతున్నాయి. మామూలు నీటిచుక్కలైతే చూసేవాళ్ళెవరూ ఉండరు గానీ ఇవి నీలంగా ఉన్నాయి. చుక్క పడుతుంది, వేడి గచ్చు దాన్ని తాగేస్తుంది, తడి ఆరినచోట సన్నటి నీలం గీత గుండ్రంగా మిగులుతుంది. నీరు ఆవిరైపోతుంది, నీటిలో కరిగినది మిగిలిపోతుంది. తొమ్మిదేళ్ళుగా నల్లబల్ల మీద రాస్తున్న వాక్యం. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న. పొద్దున్న కూడా ఆ ప్రశ్నకే ఒక పిల్లాడికి సున్నా వేసింది, వేస్తూ వేస్తూ గడియారం సంగతి మరిచిపోయింది, అరగంట నానాల్సిన బొంత రెండు గంటలు నానింది. బొంత ఎత్తేసరికి టబ్బులో నీళ్ళు సిరాబుడ్డి ఒలికినట్టు ఉన్నాయి. అప్పుడు గుర్తొచ్చింది, కొత్త బట్టని మొదటిసారి విడిగా ఉతకాలని. పసిపిల్లలకి కూడా తెలిసిన సంగతి. కానీ కొత్త బట్ట అని ఒప్పుకుంటే కదా, విడిగా ఉతకాలని తోచేది! ఆ ముక్క పాతదని అందరికీ చెప్పి చెప్పి, చివరికి తనే నమ్మి, పాతవాటితో కలిపి ముంచేసింది.

ఇంకో గంటలో, నాలుగు గంటల బస్సుకి, గుండీలత్త దిగుతుంది. చొక్కాల ఫ్యాక్టరీలో నలభై ఏళ్ళు గుండీలు కుట్టిన మనిషి, అందుకే ఆ పేరు. మొదటి అంతస్తులో ఒక్కతే ఉంటుంది, పిల్లాజెల్లా లేరు, బిల్డింగులో అందరికీ అత్తే. ఈ బిల్డింగులో ఎవరికి జ్వరమొచ్చినా అత్త బొంత ఆ గుమ్మంలోకి వెళ్తుంది. జ్వరం తగ్గగానే ఉతికి మడతపెట్టి తిరిగిస్తారు, ఇంకో గుమ్మానికి వెళ్తుంది. పదకొండేళ్ళు పన్నెండిళ్ళ చెమట పీల్చి పాత బొంత చిరిగిపోయింది, అందుకని అత్త ఈ కొత్తది కుట్టింది, రెండు నెలలు, మణికట్టు నొప్పితో. ఇంటికో ముక్క, మూరెడు వెడల్పు, మూరెడు పొడవు. వరసకి నాలుగు చొప్పున మూడు వరసలు. కుట్టడం పూర్తయ్యాక ఉతికే ఓపిక లేక, కళ్ళద్దాల కోసం ఆసుపత్రికి వెళ్తూ టీచరమ్మ చేతిలో పెట్టింది. “నువ్వైతే చెప్పింది చెప్పినట్టు చేస్తావే. ఆ మూడో అంతస్తు వాళ్ళకి ఇస్తే దీన్ని కాళ్ళు తుడుచుకునే పట్టా చేస్తారు” అంది. చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి. బళ్ళో కూడా అదే పేరు, హెడ్మాస్టరు సెలవు పెడితే తాళాలు ఈమెకే ఇస్తారు. ఆ పేరు తల్చుకుంటే ఇప్పుడు ఒంటిమీద గొంగళి పురుగు పాకినట్టుంది.

మధ్య వరసలో రెండోది అత్త ముక్క. తెల్లటిది, అంటే పొద్దున్నదాకా తెల్లటిది. దాని పక్కన మూడోది టీచరమ్మ ఇంటిది, ముదురు నీలం. కొత్త బట్ట కాబట్టి తడవగానే ముడుచుకుపోయి, చుట్టూ ఉన్న నాలుగు ముక్కల్నీ తనవైపు లాక్కుంది, కసిరినప్పుడు ముఖం ముడుచుకున్నట్టు. అది చాలనట్టు రంగంతా తెల్లదాని మీదికి దించింది. సగం ముక్క మీద నీలం మబ్బు. సబ్బు, సోడా, వేడి నీళ్ళు, ఉప్పు, అన్నీ అయ్యాయి. మచ్చ పలచబడింది గానీ పోలేదు, పలచబడినకొద్దీ ఇంకా వెడల్పయింది.

వీధి చివర మలుపులో బస్సు ఆగింది. మూడుంపావుది. ఎవరో దిగారు, అత్త కాదు, ఆవిడ వచ్చేది నాలుగుదానికని తెలిసినా లేచి గోడ మీదుగా తొంగిచూసింది. బస్సు వెనక అద్దం మట్టికొట్టుకుపోయి ఉంది. అద్దం చూడకుండా ఆమె ఏ బస్సునీ చూడలేదు, ఇన్నేళ్ళలో. మధ్యలో ఎవడైనా తుడుస్తాడు అమ్మలూ, మూలలు చూడాలి, మూలలు చూస్తే కడిగినవాడెవడో తెలిసిపోతుంది. నాన్న గొంతు. సెలవురోజున తనని ఎక్కడికైనా తీసుకెళ్తే ప్రయాణమంతా ఇదే, ఇది మనది, ఇది మనది కాదు, ఇది వాడెవడో కడిగాడు, చూడు వెనక మూల వదిలేశాడు వెధవ. ఏడేళ్ళ పిల్లకి ప్రపంచంలో బస్సులన్నీ నాన్నవే. అందరి నాన్నలూ బస్సెక్కుతారు, మా నాన్న బస్సుకి స్నానం చేయిస్తాడు అని బళ్ళో గొప్పగా చెప్పింది కూడా. ఎవరూ నవ్వలేదు అప్పుడు. ఒక పిల్ల అయితే కళ్ళు పెద్దవి చేసి “మరి వీపు రుద్దుతాడా?” అని అడిగింది. ఆ గొప్ప ఎక్కడ పోయింది, ఏ తరగతిలో, ఏ రోజున? అది ఎవరూ ఎత్తుకుపోలేదు. తనే ఎక్కడో దించేసింది, మోయలేని బరువుని దించేసినట్టు, వెనక్కి చూడకుండా.

రెండు నెలల కింద ఇలాంటి ఆదివారమే, అత్త గుడ్డసంచీ పట్టుకుని గుమ్మంలో నిలబడింది. కొత్తది వద్దు, ఒంటిమీద పాతబడింది కావాలి, ఎవరిదైనా ఫరవాలేదు గానీ ఆ మనిషి గురించి ఒక మాట చెప్పాలి, అదీ షరతు. అడక్కముందే తన ముక్క తీసి చూపించింది. “ఇది మా చెల్లెలి కోటు. ఆసుపత్రిలో ఆయా. వార్డులు తుడిచేది, మంచాన ఉన్నవాళ్ళకి బెడ్‌పాన్లు పెట్టేది. ఒంటిచేత్తో ఎంత లావుపాటి మనిషినైనా పక్కకి తిప్పేసేది, తిప్పి, నువ్వేం తింటున్నావయ్యా బాబూ అని తిట్టేది. వాళ్ళు నవ్వేవాళ్ళు. నవ్వితే సగం రోగం పోతుందనేది.” చెబుతూ చెబుతూ ఆ తెల్లగుడ్డని దిండు గలేబు సవరించినట్టు సవరించింది. ఎంత తేలిగ్గా చెప్పేసింది! ఈమెకి సిగ్గనేది లేదా అనుకుంది టీచరమ్మ, అనుకున్న క్షణంలోనే తెలిసింది, అది ఎగతాళి కాదు, అసూయ. సరే అత్తా, తెస్తాను అని లోపలికెళ్ళి, మంచం కింద ఉన్న నాన్న పెట్టె ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. రేకు పెట్టె. గడియ మీద వేలు పెట్టింది. చల్లగా తగిలింది. అంతే, లేచి, బీరువా తెరిచి, భర్తకి బిగువై ఒక్కసారి కూడా తొడగని నీలం చొక్కా తీసి వీపు దగ్గర మూరెడు కత్తిరించింది. కత్తెర చప్పుడుకి పాప వచ్చి, “అమ్మా, అది నాన్న చొక్కా కదా?” అంది. ఆమె చూసింది. కొట్టలేదు, గిల్లలేదు, ఊరికే చూసింది. ఎనిమిదేళ్ళ పిల్ల ఆ చూపు చదివేసి నోరు మూసుకుంది. అక్షరాలు రాకముందే పిల్లలకి వచ్చే చదువు అది. గుమ్మం దగ్గరికొచ్చి, “మా నాన్నగారిది అత్తా. ఆఫీసుకి వేసుకునేవారు” అంది. ఏ ఆఫీసని అత్త అడగలేదు. అయినా చెప్పింది, “రికార్డు సెక్షన్‌లో.” అత్త ఆ గుడ్డని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒకసారి నలిపి, ఈమె ముఖంలోకి ఒకసారి చూసి, “చాలా జాగ్రత్త మనిషన్నమాట మీ నాన్న. చొక్కా నలగనే లేదు” అని సంచీలో వేసుకుంది. మెచ్చుకోలే అనుకుంది టీచరమ్మ. అనుకోవాలనుకుంది.

రికార్డు సెక్షన్ అన్నమాట ఆమెది కాదు, నాన్నది. అదే, అదే ఈ గంటంతా ఎటు తిరిగినా కాలికి తగులుతోంది. కాలేజీ మెట్ల మీద నలుగురు స్నేహితురాళ్ళు, పరీక్ష అరగంటలో, హాల్‌టికెట్టు ఇంటిదగ్గర మరిచిపోయింది. కాలేజీ ఆఫీసు నుంచి ఎవరో డిపోకి ఫోన్ చేశారు. నాన్న డ్యూటీ మధ్యలోంచి ఇంటికి పరుగెత్తి, అక్కణ్ణుంచి కాలేజీకి పరుగెత్తి, మోకాళ్ళదాకా తడిసిన ఖాకీ, రబ్బరు బూట్లు, నడుస్తుంటే బూట్లలో నీళ్ళు కిచకిచమంటున్నాయి. ఎవరే అది, అని ఒకమ్మాయి అడిగింది. మా నాన్న ఆఫీసులో మనిషి, అంది. ఆలోచించి అనలేదు, నోరు దానంతటది అనేసింది. ఆయన నాలుగు మెట్ల కింద ఉన్నాడు. విన్నాడు. ఒక్క క్షణం, మెట్టు మీద పెట్టిన కాలు అలాగే ఆగింది. తర్వాత మనిషి కొంచెం నిటారుగా అయి, రెండు చేతులతో హాల్‌టికెట్టు చాచి, “అమ్మాయిగారూ, నాన్నగారు ఇచ్చి రమ్మన్నారండీ” అన్నాడు. తడి చేతులకి పాడవకుండా దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టాడు. గారూ, అండీ. కన్నకూతుర్ని. ఆ పరీక్షలో ఆమెకి క్లాసులో మొదటి మార్కు వచ్చింది. ఆ సాయంత్రం ఏమంటాడో అనుకుంటూ ఇంటికెళ్తే, ఆయన కాళ్ళు కడుక్కుంటూ, నిజంగా తెలుసుకోవాలన్నట్టు, “అవునూ అమ్మలూ, మీ నాన్నగారు ఏ ఆఫీసులో అని చెప్పావు? రేపెవరైనా అడిగితే నేనొకటీ నువ్వొకటీ చెబితే బాగోదు కదా” అన్నాడు. ఏమీ చెప్పలేదు నాన్నా, అంది. “అయితే రికార్డు సెక్షన్ అందాం. మా డిపోలో రికార్డు సెక్షన్ గుమాస్తా ఫ్యాను కింద కూర్చుంటాడు. బాగుంటుంది, చల్లగా” అన్నాడు. అని నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. ఏడ్చి కాళ్ళమీద పడి ఉంటే ఇవాళ తల్చుకోవడానికి ఏదో ఒకటి మిగిలేది. నవ్వింది. హమ్మయ్య అనుకుని నవ్వింది. తండ్రీకూతుళ్ళిద్దరూ కలిసి ఇంటి ముందు కూర్చుని ఒక నాన్నని తయారుచేశారు, ఆయనకి ఫ్యానూ బల్లా కుర్చీ ఇచ్చారు, అసలు నాన్న లేచి వెళ్ళి తడి బూట్లు ఎండలో బోర్లించాడు.

“ఏమ్మా టీచరమ్మా, బొంతకి కాపలానా? ఎవరెత్తుకుపోతారే దీన్ని!”

చదరంగం బాబాయ్. మూడో అంతస్తు. తనతో తనే చదరంగం ఆడుకునే పెద్దమనిషి, ఎత్తు ఎత్తుకీ లేచి ఎదుటి కుర్చీలోకి మారతాడు, ఓడిపోతే ఎదుటివాడి మీద రెండ్రోజులు అలుగుతాడు. ఆరిన తువ్వాళ్ళు తీసుకోవడానికి పైకొచ్చాడు. ఇవాళ కూడా ఓడిపోయారా బాబాయ్, అని ఆమె నవ్వబోయింది. “వాడు తొండి చేశాడమ్మా” అంటూ ఆయన తువ్వాలు భుజాన వేసుకుని, బొంత దగ్గర ఆగి, కళ్ళు చికిలించాడు. “ఇదేంటీ, అత్త తెల్లముక్కకి ఈ రంగు? ఎవరిది దిగింది?” ఎవరిది. ఎంత చిన్న ప్రశ్న. నాది బాబాయ్, అంటే అయిపోయేది, రెండే మాటలు. కానీ ఆ రెండు మాటల వెనక ఇంకో ప్రశ్న ఉంది, పాత చొక్కాకి రంగెలా దిగిందమ్మా అని, దాని వెనక ఇంకోటి, మీ నాన్నగారు రికార్డు సెక్షన్ కదూ అని. మెట్టు తర్వాత మెట్టు, చివరి మెట్టు మీద తడి బూట్లు. ఆమె కళ్ళు బొంత మీద పరుగెత్తాయి, తెల్లముక్కకి ఎడంపక్కన ముదురు ఆకుపచ్చ. కింద ఇస్త్రీ ఆవిడ వాళ్ళమ్మ చీర ముక్క. “ఆ పచ్చదేమో బాబాయ్, ఇస్త్రీ ఆవిడది. ఇలాంటి బట్టలు, రంగులు నిలవవు కదా” అంది. తన గొంతు తనకే పరాయిగా వినిపించింది, బళ్ళో తనిఖీకి వచ్చినవాళ్ళతో మాట్లాడే గొంతు. “అదే అయ్యుంటుంది. పాపం, తనేం చేస్తుంది, దొరికిందిచ్చింది” అని బాబాయ్ తల పంకించి దిగిపోయాడు.

ఆయన మెట్లు దిగుతున్న చప్పుడు వింటూ, ఎందుకు ఆ ముక్కే కనబడింది అని తనని తాను నిలదీసింది. కుడివైపు తన నీలం, పైన మందుల షాపాయన గీతల గుడ్డ, కింద బ్యాంకావిడ ఎర్రది. ఎర్రదాని మీద ఎందుకు తొయ్యలేదు? బ్యాంకావిడ నమ్మదు, పైకొచ్చి, నీలం ఎర్రదాంట్లోంచి ఎలా వస్తుందని నిలబెట్టి అడుగుతుంది. ఇస్త్రీ ఆవిడ అడగదు. మెట్ల కింద మూడడుగుల చోటులో బల్ల వేసుకుని పొద్దుట్నుంచీ పొద్దుపోయేదాకా నిలబడే మనిషి, అందరి కాలర్లూ తెలిసిన మనిషి, ఎవరి ముందూ గొంతెత్తని మనిషి. అడగని మనిషి అని తెలిసే అంది. నాలుగు మెట్ల కింద నిలబడ్డవాళ్ళ మీదికే మాట జారుతుంది, ఎప్పుడూ. అప్పుడూ, ఇప్పుడూ. అప్పుడైతే పందొమ్మిదేళ్ళు, చిన్నతనం అని సరిపెట్టుకుంది. ఇప్పుడు ముప్ఫై ఆరు. మూడున్నర బస్సు వచ్చి వెళ్ళిపోయింది, అద్దం వంక చూడలేకపోయింది.

పెన్ను. ఆ పెన్ను సంగతి. హాల్‌టికెట్టు గొడవ తర్వాత నాన్న ఎప్పుడు కాలేజీ వైపు వచ్చినా ఖాకీ జేబులో ఒక పెన్ను పెట్టుకుని వచ్చేవాడు. ఖాకీ చొక్కాకి పెన్ను పెడితే గుమాస్తా అయిపోతుందని ఆయన లెక్క. సంతకం తప్ప రాయడం రాదు. డిగ్రీ పట్టా ఇచ్చే రోజున, ఎండలో రెండు గంటలు నిలబడేసరికి ఆ పెన్ను సిరా కక్కి జేబంతా నీలమైంది. ఫొటోలో చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు, గుండె మీద చెయ్యి వేసుకున్నట్టు. చూసినవాళ్ళు ఎంత గర్వంగా ఉన్నాడో అంటారు. ఇంటికొచ్చి సబ్బూ సోడా పెట్టి రుద్ది రుద్ది, చివరికి చొక్కా పైకెత్తి పట్టుకుని, “ఇంతింత బస్సులు కడుగుతాను, ఇంత మచ్చ పోదే!” అన్నాడు. ఆ చొక్కానే పెట్టెలో ఉంది. పద్నాలుగు నెలలుగా ప్రతి ఆదివారం చీటీలోకి పెట్టె తెరవాలి అన్న పని దానంతటది నడిచొచ్చి కూర్చుంటోంది. తెరిస్తే ఏముంటుందో తెలియక కాదు, తెలిసే. నాన్న పోయిన పన్నెండో రోజున చుట్టాలంతా వెళ్ళాక, పాప బడి ప్రాజెక్టు కాగితంలో తాత ఉద్యోగం అన్న గడి దగ్గర ఆగి అమ్మ వంక చూసింది. గుమాస్తా, అంది ఈమె. పిల్ల గుండ్రటి అక్షరాలతో రాసింది. ఈమెకి నేర్పిన అబద్ధాన్ని ఆయన తనతోపాటు తీసుకుపోయి ఉంటే బాగుండేది. పోలేదు, పిల్ల చేతిరాతలోకి వచ్చి కూర్చుంది.

మెట్ల మీద చెప్పుల చప్పుడు. గబగబా, ఒగరుస్తూ. అత్త నడక కాదు. ఇస్త్రీ ఆవిడ, చేతిలో నిమ్మచెక్కలున్న గిన్నె, కొంగుతో ముఖం తుడుచుకుంటూ. “అయ్యో టీచరమ్మగారూ, నా ముక్క రంగు దిగిందంటగా! బాబాయ్‌గారు చెప్పారండీ. అత్త ముక్కే దొరికిందా దానికి! నేను ముందే అనుకున్నానండీ, ఇవ్వనా వద్దా అని. మా అమ్మది అదొక్కటే ఉందండీ, నల్ల సబ్బుతో పాతికేళ్ళు ఉతికింది, ఇంక దిగడానికి రంగేముందిలే అని ఇచ్చేశా. తప్పు నాదేనండీ.” ఆగకుండా మాట్లాడుతూనే గచ్చు మీద మోకాళ్ళు వేసి, బొంత అంచు పట్టుకుని, నిమ్మచెక్క చేతిలోకి తీసుకుంది. తీసుకుని, ఆగింది. బట్టల మధ్య బతికే మనిషి, చూసేసింది. తెల్లదాని మీద నీలం, ఈ పక్కన తన పచ్చ, ఆ పక్కన నీలం ముక్క ముడుచుకుని. వేలితో తన ముక్క అంచు రుద్దింది, వేలికి ఏమీ అంటలేదు. నీలంది రుద్దింది, వేలి కొస నీలమైంది. ఆ వేలిని చూసుకుంది. టీచరమ్మ వంక చూడలేదు. చూడకూడదని చూడలేదు. తర్వాత చిన్నగొంతుతో, “ఏమోలెండి, ఎక్కువసేపు నానితే పచ్చ కూడా నీలంగా దిగుతుందేమో. మీరు సైన్సు చెబుతారు కదండీ, మీకు తెలుస్తుంది” అంది. అని నిమ్మచెక్కతో ఆ మచ్చ రుద్దడం మొదలుపెట్టింది.

అమ్మాయిగారూ, నాన్నగారు ఇచ్చి రమ్మన్నారండీ. అదే గొంతు. అదే మర్యాద. ఎదుటివాళ్ళ అబద్ధం పడిపోకుండా కింద చెయ్యి పెట్టి పట్టుకోవడం. ఎవరు నేర్పుతారు వీళ్ళకి ఇది, ఏ బళ్ళో? టీచరమ్మ చేతిలోని చీటీని ఇంకోసారి ఉండచుట్టింది. ఆపండి అనాలనుకుంది. నోరు, ఎప్పుడూ దానంతటది తొందరపడే నోరు, ఇప్పుడు రాయిలా ఉంది. ఆవిడ రుద్దుతోంది. కణత మీద చెమట. మోచేతి దగ్గర ఇస్త్రీపెట్టె కాలిన పాత మచ్చలు. బస్సు వచ్చింది. మూడూ నలభై అయిదుది ఎప్పుడెళ్ళిందో తెలియదు, ఇది నాలుగుది. గోడ మీదుగా చూస్తే అత్త తెల్లజుట్టు దిగుతోంది, ముందు సంచీ, తర్వాత ఒక కాలు, తర్వాత ఇంకో కాలు. ఆగి, తలెత్తి, కొత్త కళ్ళద్దాలతో వీధిని అటూ ఇటూ చూసుకుని మురిసిపోయింది.

అత్త మెట్లెక్కడానికి చాలాసేపు పట్టింది. అంతసేపూ మేడమీద నిమ్మచెక్క చప్పుడే. పైకొచ్చి, ఆయాసంతో గోడ పట్టుకుని, “ఏమేవ్, మీ ఇద్దరి ముఖాలూ ఇంత బాగుంటాయని ఇన్నాళ్ళూ తెలీనే లేదు నాకు” అని నవ్వి, బొంత వైపు తిరిగింది. నవ్వు ముఖం మీద ఉండిపోయింది గానీ కళ్ళలోంచి వెళ్ళిపోయింది. ఇస్త్రీ ఆవిడే లేచింది. “తప్పు నాదేనత్తా. నా ముక్క...”

“కాదు” అంది టీచరమ్మ.

అక్కడితో ఆగలేదు, ఆగితే మాట మళ్ళీ ఎప్పటికీ రాదని తెలుసు. “ఆవిడది కాదత్తా. నాది. ఆ నీలం నాది. ఆవిడదని నేనే బాబాయ్‌తో చెప్పాను, నాదని తెలిసే చెప్పాను. అది మా నాన్నది కాదు, మా ఆయనది, కొత్తది. మా నాన్నకి నీలం చొక్కా లేదు. ఆఫీసు లేదు. మా నాన్న డిపోలో బస్సులు కడిగేవారు. ముప్ఫై ఒక్క ఏళ్ళు.” అంతా చెప్పాక ఏదో కూలుతుందనుకుంది. ఏమీ కూలలేదు. ట్యాంకులోకి నీళ్ళు పడుతున్న చప్పుడు మాత్రం వినిపించింది.

అత్త దగ్గరికొచ్చి నీలం ముక్క అంచు ఎత్తి పట్టుకుంది. “కొత్తదని ఆ రోజే తెలుసే. నలభై ఏళ్ళు గుండీలు కుట్టాను, తొడిగిన చొక్కాకీ తొడగనిదానికీ తేడా నా వేళ్ళకి తెలీదా? ఇలా చూడు. అన్నిటికీ సన్నకుట్టు వేశాను, నీదానికి పెద్దకుట్టు. రెండు లాగులు లాగితే ఊడొస్తుంది. మార్చి తెస్తావని ఆఖర్న కుట్టాను. తెస్తావని నా చెల్లెలి పక్కన పెట్టాను.” ఆగింది. అరచేత్తో ఆ మచ్చని నిమిరింది. “రంగు దిగుతుందని మాత్రం అనుకోలేదు. కళ్ళు సరిగ్గా లేవు కదా.” టీచరమ్మ ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపింది. “నాకు చెప్పకు. గుడ్డ అన్నాక మాస్తుంది. ఈవిడ పేరు చెప్పావే, అదీ. అది ఈవిడకి చెప్పు.”

టీచరమ్మ ఇస్త్రీ ఆవిడ వైపు తిరిగింది. క్షమించమనే మాట తెలుగులో ఎంత పొడుగ్గా ఉంటుందో, ఎంత పుస్తకాల మాటలా ఉంటుందో అప్పుడు తెలిసింది. “తప్పు చేశాను” అంది. ఆవిడ గిన్నె చేతులు మార్చుకుంది, ఎటో చూసింది, ఏదో ఒకటి అంటే తప్ప ఈ మనిషి ఇలాగే నిలబడిపోతుందని తెలిసినట్టు, “ఖాకీనాండీ మీ నాన్నగారిది? ఖాకీ అయితే రంగు దిగదండీ. గట్టి బట్ట. ఇస్త్రీకి కూడా ఒక పట్టాన లొంగదు” అంది. ఫరవాలేదని మాత్రం అనలేదు. ఆ తర్వాత కూడా, ఇన్నాళ్ళూ, ఆ మాట అనలేదు. పలకరిస్తుంది, బట్టలు తీసుకుంటుంది, మడతలు ఎప్పట్లాగే కత్తిలా ఉంటాయి. ఆ మామూలుతనం ముందే టీచరమ్మ ఇప్పటికీ తలెత్తలేదు.

కిందికి వెళ్ళింది. గుమ్మంలో పాప బొమ్మలు గీసుకుంటోంది. రా, అని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి, మంచం కింద నుంచి పెట్టె లాగింది. గడియ ఈసారి కూడా చల్లగానే ఉంది. తెరవగానే సోడా వాసన, కొంచెం డీజిలు. ఒకే ఒక ఖాకీ చొక్కా, నాలుగు మడతలు, పైన జేబు, జేబు మీద నీలం. “తాత ఇది వేసుకునే పనికెళ్ళేవారు. బస్సులు కడిగేవారు” అంది. పాప ఆ చొక్కాని చూసింది, అమ్మని చూసింది, దేనికి తలూపాలో దేనికి కూడదో తేల్చుకోలేని చూపు, ఆ చూపు నేర్పింది తనే. తర్వాత అడిగింది, “వీపు కూడా రుద్దేవారా, బస్సుకి?” ఏ తరగతిలోనో దించేసిన బరువు తిరిగి భుజం మీదికి వచ్చినట్టయింది, అంత బరువేమీ కాదది. “మూలలు కూడా” అంది టీచరమ్మ.

చొక్కాతో మళ్ళీ మేడమీదికి వెళ్తే, అత్త కత్తెర పట్టుకుని, కొత్త కళ్ళద్దాలు ముక్కు మీదికి జరుపుకుని, “జేబు ఉంచనా, తీసెయ్యనా? మచ్చ ఉంది మరి” అంది. ఉంచండత్తా, అంది. నీలం ముక్క నిజంగానే రెండు లాగులకి ఊడొచ్చింది.

ఆ బొంత ఏ ఇంటికి వెళ్ళినా మధ్య వరసలో ఒక తెల్లముక్క మీద నీలం మబ్బు ఉంటుంది. అది ఈ టీచరమ్మ చేసింది, దాన్ని మరిచిపోయినా ఫరవాలేదు. కానీ మీరెప్పుడైనా బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే, బయట చెట్లూ మనుషులూ ఏ అడ్డూ లేనట్టు కనబడుతుంటే, ఒకసారి ఆ అద్దం మూలలు చూడండి. అవి కూడా శుభ్రంగా ఉంటే, ఒకాయన ఉండేవాడని, కూతురు కోసం జేబులో పెన్ను పెట్టుకున్నాడని, దయచేసి గుర్తుపెట్టుకోండి.